హాలోవీన్ నాడు గుమ్మంలోకి వచ్చిన బిడ్డ చేతిలో ఎన్ని పెట్టాలి?



గత వారం మా అమ్మాయి న్యూజెర్సీ నుండి ఫోను చేసింది. కుశల ప్రశ్నలు, నా రక్తపోటు లెక్కలు, వాళ్ళ అమ్మ మోకాళ్ళ సంగతి అన్నీ అయిన తరువాత అసలు విషయానికి వచ్చింది. "నాన్నా, ముప్ఫై ఒకటో తారీఖుకి చాక్లెట్లు కొనాలి. ఒక్కొక్కరికి ఎన్ని ఇమ్మంటావు? క్రిందటేడు నువ్వు తలుపు దగ్గర కూర్చుని ఒక్కొక్కటే ఇచ్చావు. పెద్దాయన కదా అని ఎవరూ ఏమీ అనుకోలేదు. ఈసారి నేను ఒక్కటే ఇస్తే బాగుండదేమో. ఎదురింట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఏకంగా పెద్ద బార్లే ఇస్తారట."

నేను మూడు ముక్కలలో జవాబు చెప్పాను. ఒకటి. చిన్నది. నీ చేతితో. అమ్మాయి నవ్వి, "పిసినారి డాక్టరు గారి ఇల్లని పేరు వస్తుంది" అన్నది. రానివ్వమన్నాను. ఆ పేరు మోయడానికి నేనెందుకు సిద్ధపడ్డానో చెప్పడానికే ఈ వ్యాసం. డల్లాస్‌లోనో, ఎడిసన్‌లోనో, బే ఏరియాలోనో ఉన్న మీ పిల్లలకు దీన్ని పంపండి. కోపం వస్తే నా మీద రానివ్వండి.

హాలోవీన్ సంగతి తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. అక్టోబరు 31 సాయంత్రం అమెరికాలో పిల్లలు దయ్యాలుగా, రాకుమార్తెలుగా, వ్యోమగాములుగా వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. తలుపు తట్టి "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు. ఇంటివారు మిఠాయి పెడతారు. ఐర్లండు, స్కాట్లండుల నుండి వలస వచ్చినవారితో పాటు సముద్రం దాటిన ఆచారమిది. అక్కడ టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో గుమ్మడికాయ సులువుగా దొరికింది కనుక దుంప పోయి కాయ వచ్చింది. వరండా దీపం వెలుగుతుంటే ఆ ఇంటికి రావచ్చునని అర్థం. ఆర్పి ఉంటే రాకూడదు. ఈ దీపం సంగతి గుర్తుంచుకోండి, చివరలో దానితో పని ఉన్నది.

ఈ పండుగ మీద నాకు ద్వేషం లేదు. పైగా మొదటిసారి చూసినప్పుడు నా బాల్యమే కళ్ళకు కట్టింది. గోదావరి జిల్లాలోని మా ఊళ్ళో 1958, 59 ప్రాంతాలలో దసరా రోజుల్లో మా బడి పంతులుగారు మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని ఇంటింటికీ తీసుకువెళ్ళేవారు. చేతిలో రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబు, దానిలో పూలూ బుక్కాగుండా. దసరా పద్యాలు గొంతెత్తి పాడేవాళ్ళం. ఇంటి యజమాని పంతులుగారికి శక్తికొలది కట్నం ఇచ్చేవాడు. ఇల్లాలు మా అరచేతుల్లో పప్పుబెల్లాలు పోసేది. పుట్నాలపప్పూ, నలగ్గొట్టిన బెల్లం. రెండో ఇల్లు చేరేలోగా చెయ్యి ఖాళీ.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించండి. మాకు సంచి లేదు. అరచెయ్యే కొలత. అది నిండితే తినాలి, తింటేనే మళ్ళీ చెయ్యి చాపాలి. సాయంత్రానికి ఇంటికి తెచ్చుకునేది ఏమీ ఉండేది కాదు. అమెరికా పిల్లవాడి చేతిలో గుమ్మడికాయ ఆకారపు ప్లాస్టిక్ బకెట్టు ఉంటుంది. కాస్త పెద్దపిల్లలైతే దిండు గలీబులే పట్టుకుని వస్తారు. నా ఫిర్యాదు పండుగ మీద కాదు, ఆ గలీబు మీద. దానికన్నా ఎక్కువగా, దాన్ని నింపడమే ఆతిథ్యమని అనుకునే మన తెలుగు ఇళ్ళ మీద.

2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజున వచ్చాయి. ఆ సాయంత్రం మా అల్లుడు ఆరేళ్ళ మా మనవరాలిని వెంటబెట్టుకుని వీధి తిప్పి తెచ్చాడు. ఆ రాత్రి పాప పడుకున్నాక నేను వంటింట్లోని తూకం యంత్రం మీద బకెట్టులోని సరుకు పెట్టి చూశాను. వృత్తిరోగమనుకోండి. మొత్తం 114 మిఠాయిలు, 1.8 కిలోలు. ఎక్కువ భాగం అక్కడ "ఫన్ సైజు" అని పిలిచే చిన్న చాక్లెట్లు. ఆ చిన్న ముక్క ఒక్కొక్కటి 15 నుండి 17 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెర రమారమి 8 గ్రాములు, అనగా రెండు చెంచాలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పిన హద్దు ప్రకారం రెండేళ్ళు దాటిన పిల్లలకు రోజు మొత్తానికి, అన్ని ఆహారాలలోనూ కలిపి, అదనంగా చేర్చిన చక్కెర 25 గ్రాములకు లోపే ఉండాలి. మూడు చిన్న చాక్లెట్లతో ఆ రోజు కోటా ముగుస్తుంది. 114 ముక్కలలో చక్కెర సుమారు 900 గ్రాములు. అంటే 36 రోజుల కోటా, ఒక్క బకెట్టులో.

వాళ్ళు తిరిగిన ఇళ్ళు 38. సగటున ఇంటికి మూడు. ఆ 38 ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కటే ఇచ్చి ఉంటే 38 ముక్కలు, 300 గ్రాముల చక్కెర, 12 రోజుల కోటా. అదీ తక్కువేమీ కాదు. అయినా పండుగంటే ఆమాత్రం ఉండవచ్చును.

మూడు ఇచ్చిన ఏ ఇల్లాలినైనా పిలిచి అడగండి. "మూడేగా, చిన్నవేగా" అంటుంది. ఆమె దృష్టిలో ఆమె ఒక్కతే ఇచ్చింది. పిల్లకు మాత్రం 38 మంది ఇచ్చారు. ఈ మాట నాకు కొత్త కాదు. 34 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చూశాను. పెళ్ళిళ్ళ సీజను ముగిశాక మధుమేహ రోగులు వరుస కట్టేవారు. చక్కెర 300 దాటి ఉండేది. ఏం తిన్నావయ్యా అంటే, "ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క లడ్డూయేనండి డాక్టరుగారూ, కాదంటే వాళ్ళు బాధపడతారని" అనేవారు. పెట్టినవాళ్ళలో ఎవరిదీ తప్పు కాదు. తిన్నవాడి మూత్రపిండాలు మాత్రం ఆ ఒక్కొక్కటీ కలిపే లెక్క వేశాయి. పెట్టే చెయ్యి తన వంతు ఒక్కటే చూస్తుంది గనుక, ఎంత పెట్టాలో నిర్ణయించేటప్పుడు మీ ముందు ఎన్ని ఇళ్ళున్నాయో, మీ తరువాత ఎన్ని ఉన్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలని నా వాదన. వైద్యుడు మందు రాసేటప్పుడు రోగి ఇతరత్రా ఏయే మందులు మింగుతున్నాడో అడగడూ? ఇదీ అంతే.

ఇక ఎదురింటివారి పెద్ద బార్ల సంగతి. పూర్తి పరిమాణపు స్నికర్స్ బారు ఒక్కదానిలో 25 గ్రాములకు మించి చక్కెర ఉంటుంది, 250 క్యాలరీలు ఉంటాయి. ఒక్క ఇంటి ముందే బిడ్డకు ఆ రోజు కోటా దాటిపోయింది. ఇది ఆతిథ్యమా? నేను చూసినంతలో ఇది ప్రతిష్ఠ. "ఫలానా ఇంట్లో పెద్దవి ఇస్తారు" అని వీధి పిల్లలు చెప్పుకోవాలనే ముచ్చట. పెళ్ళిలో ఇరవై ఆరు రకాలు వడ్డించి, ఆకులో సగం పారేయించే మన అలవాటే విమానమెక్కి అక్కడికి చేరింది. పిల్లవాడి ఆనందం కోసమేనని దయచేసి చెప్పకండి. డార్ట్‌మత్ కళాశాలకు చెందిన పరిశోధకులు సరిగ్గా హాలోవీన్ పిల్లల మీదనే ఒక ముచ్చటైన పరీక్ష చేసి 2008లో ప్రచురించారు. కొందరికి ఒక చాక్లెట్ బారు ఇచ్చారు. మరికొందరికి అదే బారు ఇచ్చి, తరువాత ఒక చూయింగ్ గమ్ కూడా చేర్చారు. ఎంత సంతోషంగా ఉందో నవ్వు ముఖాల బొమ్మలలో చూపించమంటే, రెండూ అందుకున్న పిల్లల సంతోషం ఒక్కటి అందుకున్నవారికన్నా తక్కువగా తేలింది. అక్కడ ఇచ్చినది పెద్ద బారేనన్న సంగతి దాచను. నాకు కావలసింది రెండో అంశం: మంచిది ఒకటి ఇచ్చాక దానికి మరొకటి తగిలిస్తే ఆనందం పెరుగుతుందన్నది మన ఊహ మాత్రమే.

క్రిందటేడు తలుపు దగ్గర కూర్చుని, వచ్చిన పిల్లలకు కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. 96 మంది. అందరికీ ఒక్కొక్కటే. "ఒకటేనా?" అని అడిగినవాడు ఒకే ఒక్కడు, సాలెపురుగు వేషంలో ఉన్న ఎనిమిదేళ్ళ కుర్రవాడు. "ఒకటే, కానీ ఏది కావాలో నువ్వే ఏరుకో" అన్నాను. అర నిమిషం దీర్ఘంగా ఆలోచించి, ఏరుకుని, ధన్యవాదాలు చెప్పి మరీ వెళ్ళాడు. ఒక్కటే అన్నప్పుడు ఏరుకోవడంలో పిల్లలు చూపే శ్రద్ధ చూడముచ్చటగా ఉంటుంది. గుప్పెడు పోసినవాడి ముఖం వైపు ఎవరూ చూడరు, బకెట్టు వైపే చూస్తారు.

చేతితోనే ఎందుకు ఇవ్వాలి? ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2024లో దీపావళి కూడా అదే సాయంత్రం కనుక ఇంట్లో లక్ష్మీపూజ పెట్టుకున్నాం. తలుపు దగ్గర కూర్చునే తీరిక లేదు. పళ్ళెంలో చాక్లెట్లు పోసి, వరండాలో బల్ల మీద పెట్టి, "దయచేసి ఒకటి మాత్రమే తీసుకోండి" అని కాగితం అంటించమని సలహా ఇచ్చినవాడిని నేనే. హారతి అయ్యాక బయటకు వచ్చి చూస్తే పళ్ళెం శుభ్రంగా ఖాళీ. అప్పటికి ఏడు కూడా కాలేదు. మెట్ల మీద తేనెటీగ వేషంలో నాలుగేళ్ళ పాప నిలబడి ఖాళీ పళ్ళెంలోకి చూస్తున్నది. దేవుడి దగ్గర పెట్టిన అరటిపండు తెచ్చి ఇచ్చాను. వాళ్ళ అమ్మ మర్యాద కోసం తీసుకున్నది.

ఆ పిల్లలు దొంగలని నేను అనను. వారి మీద పరీక్ష ఏనాడో జరిగింది. సియాటిల్‌లో 27 ఇళ్ళలో, 1,300 మందికి పైగా హాలోవీన్ పిల్లల మీద చేసిన ఆ అధ్యయనం 1976లో ప్రచురితమైంది. ఇంటావిడ ఒకటే తీసుకోమని చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది. తెర చాటు నుండి ఇంకొకరు గమనిస్తారు. ఒంటరిగా వచ్చి, పేరూ ఊరూ చెప్పిన పిల్లల్లో మాట తప్పినవారు నూటికి ఏడెనిమిది మంది. గుంపుగా వచ్చి, ఎవరో ఏమిటో చెప్పనవసరం లేని పిల్లల్లో నూటికి 57 మంది. బిడ్డ ముఖం చూసి పలకరించేవారు ఎదురుగా ఉంటే చాలు, ఒకటి ఒకటిగానే ఉంటుంది. వరండాలో పళ్ళెం పెట్టి లోపల టీవీ చూసేవారు తాము ఎన్ని ఇస్తున్నారో నిర్ణయించుకోలేదన్నమాట. ఆ నిర్ణయాన్ని పదేళ్ళవాళ్ళ గుంపుకు వదిలేశారు.

ఇప్పుడు నన్ను ఇంత మొండివాణ్ణి చేసిన సంగతి చెప్పాలి. ఆ 114 మిఠాయిల బకెట్టు మా అమ్మాయి ఫ్రిజ్ మీద పెట్టింది. క్రమశిక్షణ గల తల్లి కనుక "రోజుకు మూడే" అని నియమం విధించింది. బడి నుండి రాగానే ఒకటి. హోంవర్కు అయ్యాక ఒకటి. స్నానానికి ముందు ఒకటి. రోజుకు మూడు చొప్పున 114 ముక్కలు 38 రోజులు వచ్చాయి. డిసెంబరు రెండో వారానికి బకెట్టు ఖాళీ అయ్యేసరికి క్రిస్మసు మిఠాయిలు ఇంట్లోకి దిగాయి. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. రోజుకు మూడంటే హద్దులోనే ఉన్నదిలే అని గ్రాములు లెక్కవేసుకుని ఊరుకున్నాను. జనవరిలో ఒక అర్ధరాత్రి పాప దవడ పట్టుకుని ఏడుస్తూ లేచింది. కింది పాలదవడ పన్ను పిప్పి లోపలి గుజ్జు దాకా చేరింది. పిల్లల దంతవైద్యురాలు ఆ గుజ్జు తీసి, పంటికి ఉక్కు తొడుగు వేసింది. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న ఆ పిల్ల నా వేలు పట్టుకున్న పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉన్నది.

ఆ పిప్పి ఒక్క హాలోవీన్ వల్లనే వచ్చిందని నేను చెప్పను. పిప్పి ఒక్క నెలలో పుట్టదు. అంతకుముందు నుండే ఉండి ఉంటుంది. అయితే దంతాల విషయంలో గ్రాములకన్నా ముఖ్యమైనది సార్లు. వైద్యుణ్ణై ఉండి నేను మరచిపోయింది అదే. తీపి నోట్లో పడగానే పంటి మీది పాచిలో ఉన్న సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. కొద్ది నిమిషాలలో అక్కడి పీహెచ్ 5.5 కన్నా కిందికి పడిపోతుంది, పంటి పింగాణీ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని కడిగి మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుండి గంట పడుతుంది. ఒకేసారి మూడు తింటే ఆ దాడి ఒక్కసారి. మూడు వేళల్లో మూడు తింటే మూడుసార్లు. మా అమ్మాయి నియమం చక్కెరను పరిమితం చేసింది గాని, పంటికి విశ్రాంతి లేకుండా చేసింది.

ఈ సంగతి 1940లలోనే స్వీడన్‌లో, లుండ్ నగరం దగ్గరి విపేహోల్మ్ ఆసుపత్రిలో తేలింది. మానసిక వైకల్యం ఉన్న రోగుల చేత, వారి సమ్మతి ప్రసక్తే లేకుండా, అంటుకునే టాఫీలు తినిపించి పళ్ళు పాడుచేసి చూశారు. మా వృత్తికి అది మాయని మచ్చ. అయినా ఆ అభాగ్యుల పళ్ళు చెప్పిన సత్యాన్ని వృథా చేయకూడదు. భోజనంతో పాటు తిన్న తీపి పెద్దగా హాని చేయలేదు. భోజనాల మధ్య, మాటిమాటికీ, పంటికి అంటుకునేలా తిన్నది దారుణంగా పాడుచేసింది. స్వీడన్ తల్లిదండ్రులు ఆ తరువాత పిల్లలకు వారానికి ఒక్క రోజు, శనివారం మాత్రమే, మిఠాయి ఇచ్చే అలవాటు చేసుకున్నారు. ఆ శనివారపు మిఠాయి ఈనాటికీ అక్కడ ఉన్నది.

కాబట్టి బకెట్టు ఇంటికి చేరాక తల్లిదండ్రులు చేయవలసింది తేలికే. ఆ రాత్రి భోజనమయ్యాక బిడ్డను తనివితీరా తిననివ్వండి. మీ ముఖం చిట్లించకండి. తరువాత ఫ్లోరైడు పేస్టుతో పళ్ళు తోమించండి. మిగిలినవాటిలో బిడ్డకు బాగా ఇష్టమైనవి ఒక వారానికి సరిపడా ఏరుకోమని, అవి రోజూ భోజనం చివర మాత్రమే ఇవ్వండి. మిగతా బకెట్టు ఇంట్లో ఉండకూడదు. అక్కడి దంతవైద్యులు కొందరు ఈ మిఠాయిని పిల్లల దగ్గర తూకానికి కొని సైనికులకు పంపుతారు. సైనికులకు మాత్రం పళ్ళుండవా అని మా అల్లుణ్ణి అడిగాను. అతని దగ్గర సమాధానం లేదు.

"డాక్టరుగారూ, ఏడాదికి ఒక్క రోజు, పిల్లల్ని వదిలేయండి" అనే పాఠకులు ఉంటారని తెలుసు. ఒక్క రోజైతే నేను కలమే పట్టను. ఒక్క రాత్రి చాక్లెట్లు తిన్నందుకు ఏ బిడ్డకూ మధుమేహం రాలేదు. తీపి తింటే పిల్లలు అల్లరి చేస్తారని అక్కడా ఇక్కడా అనుకునేది కూడా నిజం కాదు. 1990లలోనే జాగ్రత్తగా జరిగిన పరీక్షలలో చక్కెరకూ అల్లరికీ సంబంధం కనబడలేదు. నాకు అనుకూలమైన అబద్ధమైనా సరే, అబద్ధాన్ని వాడుకోను. కానీ మన ఇళ్ళలో అది ఒక్క రోజు కాదు. దసరా, దీపావళి, హాలోవీన్, థాంక్స్ గివింగ్, క్రిస్మసు, సంక్రాంతి. వీటి మధ్య పుట్టినరోజులు. అమెరికా పిల్లవాడి పండుగలూ మన పండుగలూ రెండూ మన పిల్లలవే, రెంటి తీపీ వారిదే. ఆ తీపిని తట్టుకునే శక్తి మాత్రం మన వంశాలలో తక్కువ. సన్నగా కనిపిస్తూనే పొట్టలోపల కొవ్వు చేరే శరీరాలు మనవి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారతదేశంలో మధుమేహులు పది కోట్లు దాటారు. దేశం మారినంత మాత్రాన క్లోమం మారదు.

నా వాదన విని ఎదుటి గట్టుకు దూకేవారూ ఉన్నారు. చాక్లెట్లకు బదులు టూత్‌బ్రష్షులు పంచే ఇళ్ళు అక్కడ కొన్ని ఉన్నాయి. వారితోనూ నాకు పేచీయే. సంబరంగా వేషం వేసుకుని వచ్చిన బిడ్డ చేతిలో ఉపన్యాసం పెట్టకూడదు. ఎండుద్రాక్ష పొట్లాలు ఇచ్చేవారు తాము ఆరోగ్యాన్ని పంచుతున్నామని అనుకుంటారు. ఆ చిన్న పొట్లంలోనూ చక్కెర ఒక చిన్న చాక్లెట్‌లో ఉన్నంత ఉంటుంది, పైగా పంటి సందుల్లో అతుక్కుంటుంది. నా శ్రీమతి సూచన ఇంకా ప్రమాదకరం. క్రిందటేడు ఆమె, "ఈ చాక్లెట్ల గొడవెందుకు, ఇంట్లో పల్లీ చిక్కి చేసి ఇద్దాం, బెల్లం కదా" అన్నది. బెల్లమూ చక్కెరే. అదలా ఉంచండి. అమెరికాలో ప్రతి 13 మంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక ఆహారం పడదు. అందులో వేరుశనగ అతి భయంకరమైనది. ఒక్క పలుకుతో గొంతు వాచి ఊపిరి ఆగవచ్చును. పొట్లం మీద అచ్చువేసిన వివరాలు లేనిదే ఆ పిల్లల తల్లులు ఏదీ ఇంట్లోకి రానివ్వరు. మన వీధి చివర ఉన్న టైప్ 1 మధుమేహ బాలుడికైనా అంతే. అతను చాక్లెట్ తినకూడదని కాదు. ఎన్ని గ్రాముల పిండిపదార్థమో పొట్లం మీద చదివి, దానికి తగినంత ఇన్సులిను వేసుకుని తింటాడు. మీ ప్రేమతో చేసిన చిక్కికి ఆ లెక్క ఉండదు.

అందుకే పళ్ళెం పక్కన ఇంకొక చిన్న గిన్నె పెట్టండి. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, చీకట్లో మెరిసే కడ్డీలు. ఇవి ఇచ్చే ఇళ్ళవాళ్ళు నెమలికంఠం రంగు వేసిన గుమ్మడికాయను గుమ్మం ముందు పెడతారు. 2014 నుండి ఆ ఆచారం అమెరికా అంతటా వ్యాపించింది. ఏది కావాలో బిడ్డనే ఎంచుకోమనండి. కనెక్టికట్‌లో ఏడు ఇళ్ళ దగ్గర 284 మంది పిల్లలకు మిఠాయి, బొమ్మ రెండూ చూపించి ఒకటి ఎంచుకోమంటే రమారమి సగం మంది బొమ్మనే తీసుకున్నారని 2003లో ప్రచురితమైన అధ్యయనం చెబుతున్నది. మనమే వారిని తక్కువగా అంచనా వేస్తున్నాం.

నాలుగేళ్ళలోపు పిల్లలకు గుండ్రటి గట్టి బిళ్ళలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. మీసాలు మొలుస్తున్న పిల్లవాడు వేషం లేకుండా వస్తే వయసు అడగకండి, ఒకటి ఇవ్వండి. వర్జీనియాలోని చెసపీక్‌లో 12 ఏళ్ళు దాటినవారు ఇలా తిరిగితే జైలుశిక్ష అని 2019 దాకా చట్టమే ఉండేదట! తీపి అడిగిన బిడ్డకు జైలు చూపిన ఆ పెద్దల తెలివికి నమస్కారం. అపరిచితులు చాక్లెట్లలో విషం పెడతారన్న భయం మాత్రం వదిలేయండి. డెలావేర్ విశ్వవిద్యాలయపు సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల తరబడి వెదికినా, పరిచయంలేనివారు ఇచ్చిన హాలోవీన్ మిఠాయితో ప్రాణం పోయిన బిడ్డ ఒక్కరూ కనబడలేదు. 1974లో టెక్సాస్‌లో సయనైడుతో చనిపోయిన బాలుడికి దాన్ని ఇచ్చింది కన్నతండ్రే. అసలు ప్రమాదం వీధిలో ఉన్నది. 42 ఏళ్ళ లెక్కలు తీసి చూస్తే, ఆ సాయంత్రం కార్ల కింద పడి పాదచారులు మరణించే అవకాశం మామూలు సాయంత్రాలకన్నా 43 శాతం ఎక్కువ. చాక్లెట్ పొట్లాలను దీపం కింద పెట్టి పరీక్షించే తండ్రి, బిడ్డ వేషానికి మెరిసే పట్టీ ఒకటి అంటిస్తే ఎక్కువ మేలు.

చివరగా ఎన్ని కొనాలన్నది. మా అల్లుడికి 41 ఏళ్ళు, మూడు నెలల చక్కెర సగటు 6.1. మధుమేహపు గడప మీద నిలబడి ఉన్నాడు. సెప్టెంబరులోనే టోకు దుకాణం నుండి 150 ముక్కల సంచులు రెండు తెచ్చి ఇంట్లో పెట్టేవారు. పండుగ నాటికి ఒక సంచి మాయమయ్యేది, మళ్ళీ ఇంకొకటి కొనేవారు. ఆ మాయమైనది పిల్లలు తిన్నది కాదు. రాత్రి పదకొండింటికి ఆఫీసు ఫోనుకాల్ మధ్య, ఒక్కొక్కటేగా అనుకుంటూ, ఆయన తిన్నది. మిగిలినది నవంబరు అంతా తిన్నదీ ఆయనే. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ వయసు మగవాళ్ళు ఈ సంగతి చదువుతుంటే, మీ బల్ల సొరుగు ఒకసారి తెరిచి చూసుకోండి.

కాబట్టి అమ్మాయికి ఇలా చెప్పాను. అక్టోబరు 30 సాయంత్రం దాకా ఏమీ కొనవద్దు. మీ ఆయనకు నచ్చని రకమే కొను. క్రిందటేడు 96 మంది వచ్చారు గనుక వంద ముక్కలు చాలు, పక్కన ఒక ముప్ఫై స్టిక్కర్లు. నువ్వే తలుపు తీసి, వేషం ఏమిటని అడిగి, ఒక్కొక్కటే ఏరుకోమను. వందా అయిపోగానే మళ్ళీ దుకాణానికి పరుగెత్తకు. వరండా దీపం ఆర్పి, తలుపు వేసుకుని, భోజనానికి కూర్చోండి.